రాజాంలో మూడు పూటలా ఎక్కడ తినాలి? కొత్తగా వచ్చిన మాస్టారికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు నుంచి వచ్చి రాజాంలో ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరారు. బయట గది తీసుకున్నారు. వంట రాదు. వచ్చినప్పటి నుంచీ దొరికింది తింటున్నారు, కడుపు రెండుసార్లు పాడైంది, పైగా ప్రతి పులుసులోనూ బెల్లం తగులుతోంది. నమ్మకంగా తినగలిగే హోటల్ పేరు ఒక్కటి చెప్పమన్నారు. వీలైతే విజయనగరంలో, శ్రీకాకుళంలో కూడా.

పేర్లు చెప్పను మాస్టారూ. దాచుకోవడానికి కాదు. ఈ సైజు ఊళ్ళలో హోటల్ అంటే ఒక వంటమాస్టర్, అతనికి ఇద్దరు సాయం. ఆ మాస్టర్ విశాఖలో జీతం ఎక్కువిస్తామంటే వెళ్ళిపోతాడు, లేదా పక్క వీధిలో సొంతంగా బండి పెట్టుకుంటాడు. బోర్డు అదే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషీ అతనే, సాంబారు మాత్రం వేరే ఊళ్ళో ఉడుకుతూ ఉంటుంది. అందుకే పాత రివ్యూలు చూసి వెళ్ళినవాళ్ళు తిట్టుకుంటారు. నేను రాజాంలోనూ, టెక్కలిలోనూ, చింతలవలసలోనూ పాఠాలు చెప్పాను, మూడు చోట్లా బయటే తిన్నాను. పేరు పట్టుకుని వెళ్ళడం కన్నా, ఏ పూట ఎవరి కోసం వండుతున్నారో చూసుకోవడం మేలని నా నమ్మకం.

రాజాం సంగతే తీసుకోండి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది గానీ, ఊరి తీరు మారలేదు. చుట్టుపక్కల వంగర, రేగిడి, సంతకవిటి మండలాల నుంచి జనం పొద్దున్నే పని మీద వస్తారు: బ్యాంకు, ఎరువుల కొట్టు, ఆసుపత్రి, బట్టల షాపు. మధ్యాహ్నం భోజనం వాళ్ళ కోసం వండుతారు. వాళ్ళకి అన్నం వేడిగా ఉండాలి, కడుపు నిండాలి, చారు చారులా ఉండాలి. నచ్చకపోతే మొహమాటం లేకుండా అక్కడే అనేస్తారు. రాత్రి సంగతి వేరు. ఊరివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు, హాస్టళ్ళ నుంచి పిల్లలు బయటకొస్తారు. అప్పుడు పొయ్యి మీదకు ఫ్రైడ్ రైస్, నూడిల్స్, ‘స్పెషల్’ బిర్యానీ ఎక్కుతాయి. ఇరవై ఏళ్ళ కుర్రాడికి సాస్ దండిగా ఉంటే చాలు, అన్నం ఏ పూటదో అడగడు. కాబట్టి మధ్యాహ్నం ఊరివాళ్ళతో కలిసి తినండి, రాత్రి పిల్లలతో పాటు తినకండి. మీ కడుపు గొడవ సగం దీంతోనే తీరుతుంది.

మధ్యాహ్నం వెళ్ళే టైము ముఖ్యం. పన్నెండున్నర నుంచి ఒకటింపావు లోపల వెళ్ళండి. అన్నం అప్పుడే వార్చి ఉంటుంది, కూర గిన్నెలు ఇంకా సగం ఖాళీ కాకుండా ఉంటాయి. అదే హోటల్‌కు మూడింటికి వెళ్తే అడుగున మిగిలిన పప్పు, చల్లారిన అన్నం, నీళ్ళు కలిపిన సాంబారు వస్తాయి. మీకు క్లాసు ఒంటిగంటన్నర దాకా ఉంటే టైం టేబుల్ వేసే మాస్టారిని బతిమాలుకోండి. నవ్వులాటకి అనడం లేదు, నేను చేసిన పనే అది.

ఇక చోటు ఎంచుకోవడం. రెండు గంటలయ్యేసరికి ‘మీల్స్ అయిపోయాయండీ’ అని తిప్పి పంపించే హోటల్ కనిపిస్తే గుర్తు పెట్టుకుని, మర్నాడు ముందే వెళ్ళండి. వాళ్ళు లెక్క చూసుకుని వండుతున్నారు, మిగల్చడం లేదు. రాత్రి పదింటికి వెళ్ళినా మెనూలో ఉన్న అరవై రకాలూ ‘ఉన్నాయండీ’ అంటున్నారంటే ఆ అరవైలో చాలా భాగం ఫ్రిజ్‌లోంచే రావాలి. ఇంకో పరీక్ష ఉంది. కూర్చోగానే ‘ఇవాళ కూరేంటండీ’ అని అడగండి. రోజూ ఆలూ కుర్మా, క్యాబేజీ అంటే అనుమానించండి. శీతాకాలం చిక్కుడు, వంకాయ, ఎండాకాలం మామిడికాయ పప్పు, దోసకాయ, పనస దొరికే రోజుల్లో పనసపొట్టు అని జవాబు మారుతూ వస్తుంటే, అక్కడ ఎవరో పొద్దున్నే కూరగాయల బజారుకి వెళ్తున్నట్టు.

మాంసం మీకు అలవాటే అనుకుంటాను. ఒక్క మాట. కార్తీక మాసంలో ఇక్కడ చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. హోటళ్ళలో చికెన్, చేప అమ్మకం బాగా పడిపోతుంది. అమ్మకం పడిపోయిన చోట సరుకు నిలవ ఉంటుంది. ఆ నెలంతా శాకాహారం తినేస్తే పుణ్యం సంగతేమో గానీ మందుల షాపు ఖర్చు తగ్గుతుంది. మామూలు రోజుల్లో బిర్యానీ తినాలనిపిస్తే మధ్యాహ్నం హండీ మూత తీసిన వేళకే వెళ్ళండి. రాజాం సముద్రపు ఒడ్డున లేదు, సముద్రపు చేప ఐసు పెట్టెలోనే రావాలి. మీకు చేప మీద మమకారం ఉంటే చెరువు చేప పులుసు పెట్టే చోటు వెతుక్కోండి.

రాత్రి ఫ్రైడ్ రైస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీ కడుపు రెండుసార్లు పాడైందంటే నాకు మొదట దాని మీదే అనుమానం. అందరూ టేస్టింగ్ సాల్ట్‌ని తిడతారు. మామూలు మోతాదులో అది చేసే హాని అంటూ పెద్దగా రుజువు కాలేదు. అసలు గొడవ అన్నంతో. ఫ్రైడ్ రైస్‌కి అన్నం పొడిపొడిగా ఉండాలి కాబట్టి ముందే వండి ఆరబెడతారు. మధ్యాహ్నం వండింది రాత్రి పదింటి దాకా బేసిన్‌లో గుడ్డ కప్పి ఉంచితే, అందులో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. బియ్యంలో ఉండే దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. మన ఉక్కపోత వాతావరణం వాటికి బాగా పడుతుంది. వాంతులు తెప్పించే విషం ఒక్కసారి అన్నంలో చేరాక, మీ కళ్ళముందే పెద్ద మంట మీద ఎంత ఎగరేసి వేయించినా అది పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులైతే ఇలాంటి విషాన్ని అనుమానించవచ్చు. పొద్దున్న మిగిలిన అన్నంతో సాయంత్రం చేసే పులిహోర, నిమ్మకాయ అన్నం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పుల్లగా ఉంది కదా, ఏమీ కాదులే అనుకోవద్దు.

అయితే రాత్రి ఏం తినాలి?

ఇక్కడ మంచి దారి టిఫిన్. కళ్ళముందు పెనం మీద కాలే చపాతీ, దోసె, లేదా ఆవిరి కక్కుతున్న ఇడ్లీ. ఉత్తరాంధ్రలో రాత్రిపూట టిఫిన్ తినేవాళ్ళు చాలామందే ఉంటారు, మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు. చపాతీకి, పూరీకి శనగపిండితో చేసే బొంబాయి చట్నీ ఇస్తారు. మొదట్లో పాఠశాల మధ్యాహ్న భోజనంలా అనిపించినా తర్వాత అలవాటవుతుంది. కొబ్బరి చట్నీ మాత్రం రాత్రి వద్దు. ఎప్పుడు రుబ్బారో తెలియనిది నోట్లో పెట్టి పరీక్షించాల్సిన వస్తువు కాదు. అల్లం చట్నీ నయం, అందులో చింతపండు, బెల్లం ఉంటాయి కాబట్టి అంత త్వరగా పాడవదు.

రెండో దారి కర్రీ పాయింట్. అన్నం గదిలో వండుకుని కూర మాత్రం కొనుక్కోవడం. సాయంత్రం కర్రీ పాయింట్ తెరిచే వేళకు వెళ్ళి, ‘ఈ పూట వండినవి ఏవి’ అని సూటిగా అడగండి. రోజూ వచ్చే మొహం అయితే నిజం చెబుతారు. వారం రోజులు వరసగా వెళ్ళాక ‘మాస్టారూ, ఆ గుత్తివంకాయ వద్దులెండి, పప్పు తీసుకోండి’ అని వాళ్ళే అంటారు. అది మీకు ఏ యాప్‌లోనూ దొరకని రేటింగ్. వేపుళ్ళు, పప్పు నమ్మకం. కొబ్బరి పాలు, పెరుగు పోసిన కూరలు రాత్రికి తీసుకోకండి. స్టీలు క్యారియర్ పట్టుకెళ్ళండి. మరిగే సాంబారుని పల్చటి కవర్లో పోయించుకుని ముడి వేయించుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ చిరాకు.

అన్నిటికన్నా మంచిది మూడోది. ఇంట్లో వండి నలుగురైదుగురికి నెలవారీగా పెట్టే అమ్మలు. బోర్డు ఉండదు, వెతికితే ఫోన్‌లో దొరకదు. రిటైరైన వాళ్ళ ఇళ్ళలో, పిల్లలు హైదరాబాదు వెళ్ళిపోయిన ఇళ్ళలో ఎక్కువ. ఎవరిని అడగాలంటే, మొదట మీ కాలేజీలో పాత అటెండర్‌ని. ఆ తర్వాత మెడికల్ రిప్రజెంటేటివ్‌లని. వాళ్ళు పొద్దున బొబ్బిలిలో, మధ్యాహ్నం రాజాంలో, సాయంత్రం పాలకొండలో ఉంటారు. సొంత డబ్బుతో, చెడిపోకూడని కడుపుతో తిరుగుతారు. వాళ్ళు బైకులు ఆపిన చోటు నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను. బస్సు డ్రైవర్లు తినే చోట బాగుంటుందని అందరూ అంటారు గానీ, అది అన్ని చోట్లా నిజం కాదు. దారిలో బస్సు ఆపే హోటళ్ళలో డ్రైవర్‌కి, కండక్టర్‌కి డబ్బులు తీసుకోకుండా భోజనం పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఊరికే పెట్టిన భోజనం రుచికి సాక్ష్యం కాదు.

ఇలాంటి ఇల్లు దొరికితే నెల డబ్బులు ఒకేసారి ముందే ఇచ్చేయకండి. మొదటి వారానికి ఇచ్చి తినండి. ఏ రోజు రావడం లేదో ముందురోజు రాత్రికే చెప్పండి. ఆ అమ్మ కొలిచి బియ్యం పోస్తుంది, మీరు రాకపోతే ఆ నష్టం ఆవిడదే. ‘అమ్మా’ అని పిలిచి, చారు బాగుందని ఒక్క మాట అంటే రెండో నెల నుంచి మీ పులుసులో బెల్లం దానంతట అదే తగ్గుతుంది.

బెల్లం సంగతికి వద్దాం. మీకు గుంటూరు కారం అలవాటు. ఇక్కడి వంటలో పులుపుకి బెల్లం జత. గుమ్మడికాయ పులుసు, బెండకాయ పులుసు, కొన్నిచోట్ల సాంబారు కూడా అంతే. దీనితో పోట్లాడి లాభం లేదు. దీనికి బదులు ఇక్కడి వాళ్ళు బాగా చేసేవి అడగండి. అరటికాయో, పనసపొట్టో ఆవ పెట్టి చేసిన కూర ఒక్కసారి తినండి. ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కితే మీకు కారం లోటు తెలియదు. నువ్వులపొడి వేసిన వేపుడు, పెసరట్టు, ఉల్లిపాయ వేసిన ఎండు నెత్తళ్ళ కూర. ఎండాకాలం చోడి అంబలి బండ్లు కనిపిస్తాయి. మీ వైపు రాగులంటారు, ఇక్కడ చోళ్ళు. అంబలి మంచిదే, కానీ అందులో కలిపే మజ్జిగకి, నీళ్ళకి పూచీ ఉన్న చోటే తాగండి. ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఒక సీసా గోంగూర పచ్చడి, కారప్పొడి తెచ్చుకుంటే సర్దుకుంటారు.

పొద్దున టిఫిన్‌కి పెద్దగా చెప్పేదేమీ లేదు. బండి అయినా హోటల్ అయినా ఎనిమిదిన్నర లోపల తినండి. బజ్జీల నూనె నల్లగా, చిక్కగా, నురగలు కడుతూ ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం ఉంది గానీ, బండి దగ్గర దాన్ని కొలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. మీ కన్ను, ముక్కే చూసుకోవాలి. గోడ మీద 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి. ఆ నంబర్ ఉన్నంత మాత్రాన వంటిల్లు శుభ్రంగా ఉందని కాదు. లేని చోట మాత్రం అడిగే దిక్కు కూడా ఉండదు.

నీళ్ళు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వానాకాలంలో జాండిస్, టైఫాయిడ్ ఎక్కువగా చూస్తాం. హెపటైటిస్ ఎ వైరస్ ఒంట్లోకి వెళ్ళాక బయటపడటానికి రెండు నుంచి ఏడు వారాలు పట్టొచ్చు. అందుకే జాండిస్ వచ్చిన కుర్రాళ్ళు నిన్నటి బిర్యానీని తిడతారు, తప్పు ఎప్పుడో తాగిన నీళ్ళదో, ఐసు వేసిన చెరుకు రసానిదో అయి ఉండొచ్చు. హోటల్లో గ్లాసు కడిగే బకెట్ చూస్తే చాలు, బల్ల మీద జగ్గు నీళ్ళు తాగాలనిపించదు. సొంత సీసా పట్టుకెళ్ళండి. మళ్ళీ విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నిట్లోనే కలపండి. పెద్ద ప్యాకెట్‌కి లీటరు నీళ్ళు. గ్లాసులో చిక్కగా కలుపుకుని తాగితే మేలు కన్నా కీడు ఎక్కువ. జ్వరం వచ్చినా, రక్తం పడినా, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా ఇంట్లో ఉండకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

విజయనగరం, శ్రీకాకుళం గురించి అడిగారు. విజయనగరం పాత చదువుల ఊరు. మహారాజా కళాశాల 1879 నాటిది, సంగీత కళాశాల 1919లో పెట్టారు. చదువుకోడానికి వచ్చిన పిల్లలకి తిండి దొరకడం అన్న సమస్య అక్కడ తరాల నాటిది. ఘంటసాల సంగీతం నేర్చుకోడానికి వచ్చి, వారాలు చేసుకుని, జోలె పట్టుకుని మధూకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని చదువుకున్నాడు. ఆ రోజుల్లో రోజుకో ఇంట్లో భోజనం. మనకి కర్రీ పాయింట్లు ఉన్నాయి, అదృష్టవంతులం. సెలవు రోజు వెళ్తే గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల పాతపేట సందుల్లో పొద్దున్నే టిఫిన్ వెతుక్కోండి. బస్‌స్టాండ్ ఎదురుగా ఉన్నవి పరుగులో ఉన్నవాళ్ళ కోసం, ఆదరాబాదరాగా తినడానికే. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ రోజు ఊళ్ళో కాలు పెట్టే సందు ఉండదు, కూర్చుని భోంచేయడం మాట మర్చిపోండి. ఉత్సవం చూడటానికే వెళ్తే తిని వెళ్ళండి. శ్రీకాకుళంలో రథసప్తమికి కూడా అంతే, అరసవల్లికి జనం ముందు రోజు రాత్రి నుంచే వస్తారు. మామూలు రోజుల్లో ఏడు రోడ్ల కూడలి నుంచి లోపలి వీధుల్లోకి నడిస్తే భోజనం దొరుకుతుంది. డబ్బు తక్కువైన రోజు ఉంటే మొహమాటం వద్దు, రెండు ఊళ్ళలోనూ అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు, పూటకి 5 రూపాయలు. నెలాఖరులో మా కుర్ర లెక్చరర్లు కూడా అక్కడ కనిపించేవారు.

ఇంకొక్కటి, కాలేజీ క్యాలెండర్. పరీక్షలయ్యి పిల్లలు ఊళ్ళకి వెళ్ళగానే కాలేజీ రోడ్డులో కొట్లు సగం మూసేస్తారు, తెరిచినవి మిగిలిన సరుకుతో నడుస్తాయి. ఆ వారం ఊళ్ళోకే రండి. సంక్రాంతికి భోగి నుంచి కనుమ దాకా దాదాపు అన్నీ బంద్, వంటమాస్టర్లు కూడా మనుషులే. మీరు గుంటూరు వెళ్ళలేకపోతే ముందే బియ్యం, కందిపప్పు, గుడ్లు, పెరుగు తెచ్చిపెట్టుకోండి. ఎవరైనా సహోద్యోగి ఇంటికి పిలిస్తే ‘ఎందుకులెండి’ అనకుండా వెళ్ళిపోండి. ఇక్కడ పండగకి పిలిచారంటే నిజంగానే రమ్మని.

చివర్లో రైస్ కుక్కర్ కొనాలా, ఇండక్షన్ పొయ్యి కొనాలా అని అడిగారు. వంట రాదంటున్నారు కాబట్టి కుక్కర్. లీటరుది చాలు, పైన ఆవిరి గిన్నె ఉన్నది చూసుకోండి. కింద అన్నం ఉడుకుతుంటే పైన రెండు గుడ్లో, బంగాళాదుంపో ఉడికిపోతాయి. గదిలో వైరింగ్ పాతదైతే హీటర్, కుక్కర్ ఒకే ప్లగ్గు నుంచి పెట్టకండి, ఓనర్‌తో గొడవ. అన్నం ఏ పూటకాపూటే వండుకోండి. మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రిజ్ లేకపోతే గ్లాసుడు బియ్యం తక్కువ పోయండి.